మూసి మళ్ళీ తెరవమన్నది నేనే

కంప్యూటరు ముందు కూర్చుని బతికేవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. నా పిచ్చి ఎడిటర్. ప్రోగ్రాములూ, డేటా ఫైళ్ళూ తెరిచి దిద్దుకోవడానికి మేము వాడే సాఫ్ట్‌వేర్ అది. నేను వాడేది బాగా పాతది. నల్లటి తెర మీద అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించవు, మౌస్‌తో పనే లేదు. అది ఎలా నడుచుకోవాలో చెప్పే ఫైలు ఒకటి విడిగా ఉంటుంది. సెట్టింగుల ఫైలు అందాం. అక్షరాలు ఏ రంగులో ఉండాలి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, ఫైలు సేవ్ చేసేటప్పుడు ఏమేం సర్దాలి, అన్నీ అందులో వరసగా రాసి ఉంటాయి. ఎడిటర్‌ని తెరిచిన ప్రతిసారీ అది ముందు ఆ ఫైలు చదువుకుని, ఆ తర్వాతే మన పని అందుకుంటుంది.

ఆ ఫైలు కోసం నేను రెండు అడ్డదారులు పెట్టుకున్నాను. కామా కొట్టి 'ఇ' నొక్కితే సెట్టింగుల ఫైలు తెరుచుకుంటుంది. అందులో ఏదో ఒక లైను మార్చి, కామా కొట్టి 'ఎస్' నొక్కితే ఎడిటర్ దాన్ని అక్కడికక్కడే మళ్ళీ చదువుకుంటుంది. మూయనక్కర్లేదు, తెరవనక్కర్లేదు. అంతా కలిపి మూడు సెకన్ల పని. రోజులో ఎన్నిసార్లు చేసేవాణ్ణో లెక్కలేదు. రంగు కళ్ళకి గుచ్చుకుంటోందని ఒకసారి, లైన్ల మధ్య ఎడం ఎక్కువైందని ఒకసారి, ఏమీ తోచక ఒకసారి. నిజం చెప్పాలంటే అసలు పని కంటే ఈ సర్దుడే ఎక్కువ. వంట మొదలుపెట్టకుండా గరిటెలు తోముకుంటూ కూర్చునే రకం నేను. కానీ వెనక నిలబడి చూసేవాళ్ళకి నా వేళ్ళు మీటల మీద పరుగెడుతూ కనిపిస్తాయి. 'వీడి స్పీడు చూడండి' అనేవాళ్ళు. విననట్టు నటించి ఇంకాస్త వేగంగా కొట్టేవాణ్ణి.

అప్పుడు మా ఆఫీసు చెన్నై మైలాపూరులో, ఒక పాత ఇంటి మేడ మీద. పట్టుమని పదిహేనుమంది లేము. పత్రికలకీ క్లబ్బులకీ చిరునామా లేబుళ్ళూ, గుర్తింపు కార్డులూ అచ్చు వెయ్యడానికి కావలసిన డేటా తయారుచేసి పంపడం మా పని. అచ్చు వేసేది మాధవరంలో ఉన్న ఒక ప్రెస్సు. నేను పెరంబూరు నుంచి రోజూ వచ్చేవాణ్ణి. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, అవతలి స్టేషన్‌లో ఇంకో రైలు పట్టుకోవాలి. ఆ రైళ్ళలో నిలబడి కూడా ఫోన్లో ఊరూ పేరూ తెలియనివాళ్ళ సెట్టింగుల ఫైళ్ళు చదువుకునేవాణ్ణి, వాళ్ళ దగ్గర నాకు లేనిదేమైనా ఉందేమోనని.

మాధవరం ప్రెస్సులో మెషిను పాతకాలంది. దానికి పంపే ఫైల్లో ప్రతి లైనూ సరిగ్గా ఎనభై స్థానాలు ఉండాలి. పేరూ వీధీ ఊరూ అన్నీ యాభై ఏడుకే అయిపోతే మిగిలిన ఇరవై మూడూ ఖాళీలతో నింపి పంపాలి. ఆ ఖాళీలు కంటికి కనిపించవు, కానీ మెషిను వాటిని కూడా లెక్కపెట్టుకుంటుంది. అవి లేకపోతే పై మనిషి లేబులు మీదికి కింది మనిషి పేరు ఎక్కుతుంది, అక్కణ్ణుంచి చివరిదాకా అంతా జరిగిపోతుంది.

ఆ ఫైళ్ళన్నీ చూసేది ఒక అక్క. నలభై దాటిన మనిషి. గుంటూరు దగ్గర ఏదో ఊరు, భర్తకి బదిలీ అయితే చెన్నై వచ్చారు. పెళ్ళికి ముందు కంప్యూటరు ఉద్యోగం చేసి, పిల్లల కోసం మానేసి, పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ ఇక్కడ చేరింది. ఆరు నెలలు చూసి, పని బాగుంటే పర్మినెంటు చేస్తామన్నారు. ఆఫీసులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నేను పుట్టి పెరిగింది పెరంబూరులోనే, నా తెలుగు విని ఆమె మొదట్లో నవ్వేది. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు ఒకసారి నాతో అంది, "మా ఆయన మొదట్నుంచీ అంటానే ఉన్నారు తమ్ముడూ. ఇన్నేళ్ళ తర్వాత నీకేం వస్తది, రెణ్ణెల్లకే ఇంట్లో కూర్చుంటావు చూడు అని. ఐదు నెల్లయింది. ఇంకొక్క నెల గడిస్తే చాలు, ఆ ఆర్డరు కాయితం తీసుకెళ్ళి ఆయన కంచం పక్కన పెడతా."

ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ ఫైలు ఎన్నింటికి తెరిచింది, ఏం మార్చింది, లైను పొడవు ఎంత వచ్చింది, అన్నీ నీలం పెన్నుతో రాసుకునేది. ఎడిటర్‌లో ఆమెకి తెలిసినవి ఐదారు ఆజ్ఞలు. తెరవడం, వెతకడం, మార్చడం, సేవ్ చెయ్యడం. సెట్టింగుల ఫైలనేది ఒకటుందని ఆమెకి తెలియదు. ఆమె ఒక్కొక్క మీటా వెతుక్కుని కొడుతుంటే నాకు లోపల నవ్వొచ్చేది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఫైళ్ళుండే సర్వరుకి ఆఫీసంతటికీ ఒకటే లాగిన్. కాబట్టి ఎడిటర్ సెట్టింగుల ఫైలు కూడా అందరికీ ఒకటే. అందులో నేను ఒక లైను మారిస్తే అందరికీ మారుతుంది. అంతకుముందు ఒకసారి నేను రంగులతో ఆడుకుని, ఇంకొకాయన తెర మొత్తం ఊదాగా మారిపోయి గొడవైంది. మేనేజరు తమిళాయన, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన నన్ను గదిలోకి పిలిచి, ఉమ్మడి లాగిన్‌లో సెట్టింగులు ముట్టుకోవద్దనీ, ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోననీ చెప్పారు. సరే సార్ అన్నాను. వారం రోజులు ముట్టుకోలేదు కూడా.

ఒక సోమవారం ఆ సర్వరులోనే ఉన్న నా ప్రోగ్రాము ఒకటి దిద్దుతున్నాను. లైన్ల చివర ఎక్కడెక్కడో అక్కర్లేని ఖాళీలు మిగిలి ఉన్నాయి. అలాంటివి చూస్తే నాకు చిరాకు. సేవ్ చేసిన ప్రతిసారీ లైన్ల చివరి ఖాళీల్ని వాటంతటవే తుడిచేసే ఏర్పాటు ఒకటుంది, ఒక్క లైను రాస్తే చాలు. కామా ఇ. లైను చేర్చాను. కామా ఎస్. ఉమ్మడి లాగిన్‌లో ఉన్నానని తెలియక చేసిన పని కాదది. తెలుసు. సాయంత్రం వెళ్ళేముందు తీసేద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి మర్చిపోయాను. ఖాళీలే ప్రాణంగా ఉన్న ఫైళ్ళు నాలుగడుగుల దూరంలో ఒక మనిషి దిద్దుతోందన్న ఆలోచన నా బుర్రలోకి ఒక్కసారి కూడా రాలేదు.

మంగళవారం ఆమె ఒక మాసపత్రిక చందాదారుల చిరునామాల ఫైలు పూర్తిచేసి, ఖాళీలు నింపే ప్రోగ్రాము నడిపింది. పొడవు చూసుకుంది, ఎనభై. పుస్తకంలో రాసుకుంది. పంపబోతుంటే పత్రికవాళ్ళు ఫోన్ చేసి ఒక పిన్‌కోడులో అంకె మార్చమన్నారు. ఎడిటర్‌లో తెరిచి, అంకె మార్చి, సేవ్ చేసి, పంపేసింది. ఆమె సేవ్ నొక్కిన ఆ క్షణంలో నా లైను తన పని తాను చేసుకుపోయింది. వేల లైన్ల చివర ఖాళీలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తెర మీద ఏ తేడా కనిపించదు. ఎలా కనిపిస్తుంది, పోయినవి ఖాళీలు.

బుధవారం పొద్దున్న మాధవరం నుంచి ఫోన్ వచ్చింది. లేబుళ్ళ చుట్టలన్నీ పాడయ్యాయి, ఒకరి పేరు కింద ఇంకొకరి ఇల్లు. పత్రికవాళ్ళు మండిపడుతున్నారు. మేనేజరు ఎప్పుడూ లేనిది గొంతు పెంచి, అందరి ముందే ఆమెని అడిగారు. ఆమె నోటుపుస్తకం తెరిచి చూపించింది. "ఎనభై సార్, నేను చూశాను సార్" అంటూ వచ్చీరాని తమిళంలో చెప్పబోయింది. ప్రెస్సుకి వెళ్ళిన ఫైల్లో లైన్ల చివర ఒక్క ఖాళీ కూడా లేదు, మీరు పుస్తకంలో ఏం రాసుకుంటే ఏం లాభం అన్నారాయన.

'లైన్ల చివర ఖాళీలు' అన్న మాట చెవిన పడగానే సోమవారం నేను చేర్చిన లైను గుర్తొచ్చింది. ఇంకెవరికీ అక్కర్లేని ఆ మాట నాకొక్కడికి పూర్తిగా అర్థమైంది. లేచి చెప్పాల్సింది అప్పుడే. ఆయన కోపం కాస్త చల్లారాక చెబుదాంలే అనుకున్నాను. ఒక గంటకి చల్లారింది. టీ తాగి చెబుదామనుకున్నాను. టీ తాగాను.

ఆమె మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఆ ఫైలుకి కాపీ తీసుకుని, ఒక్కొక్క మెట్టూ మళ్ళీ చేసుకుంటూ వచ్చింది. ఖాళీలు నింపింది, పొడవు చూసింది, ఎనభై. ఎడిటర్‌లో తెరిచింది. ఏమీ మార్చకుండా సేవ్ చేసింది. మళ్ళీ చూసింది. మొదటి లైను యాభై ఏడు. ఇంకోసారి చేసింది. యాభై ఏడే. నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"తమ్ముడూ, నేను కాదు! ఇదే చేస్తంది. నేనేం ముట్టుకోకపోయినా సేవ్ కొట్టగానే ఖాళీలన్నీ మింగేస్తంది. రా, చూద్దువుగాని."

వెళ్ళాను. ఆమె చేసి చూపించింది. ఎనభై, సేవ్, యాభై ఏడు.

"ఎందుకట్టా అవుద్ది? నీకు తెలియంది ఉండదుగా ఇందులో."

"ఏమోనక్కా. అట్టా అవదే" అన్నాను.

"సరే, నువ్వు ఈడనే ఉండు, నేను సార్‌ని పిలుచుకొస్తా" అని వెళ్ళింది. 'ఈడ' అనేది నా మాట, నన్ను ఆటపట్టించడానికి వాడేది. ఆ రోజు సంతోషంలో వచ్చేసింది.

మేనేజరు గది పది అడుగుల దూరం. నేను నా కుర్చీలో కూర్చున్నాను. కామా ఇ. ఆ లైను తుడిచేశాను. కామా ఎస్. ఆ రెండోది నాకు అవసరమే లేదు, అలవాటుకొద్దీ వేళ్ళు కొట్టేశాయి. మూడు సెకన్లు. ఇన్నేళ్ళు సాధన చేసిన వేగమంతా చివరికి దానికి పనికొచ్చింది. మేనేజరు గదిలోంచి బయటికి వచ్చేసరికి నేను చేతులు కట్టుకుని, సాయం చెయ్యడానికి వచ్చినవాడిలా ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాను.

కానీ ఒక చిక్కు మిగిలింది. ఆమె ఎడిటర్ ఇంకా తెరిచే ఉంది. అది తెరుచుకున్నప్పుడు చదువుకున్నది పాత సెట్టింగులు. మూసి తెరిస్తే తప్ప దానికి నా మార్పు తెలియదు. ఆమె అందులోనే సేవ్ కొడితే ఖాళీలు మళ్ళీ పోతాయి, మేనేజరు కళ్ళారా చూస్తారు, సెట్టింగులు ఎవరు ముట్టుకున్నారో ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇది ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆమె చెయ్యి మీటల మీద పెట్టింది.

"అక్కా, దాన్ని మూసేసి మళ్ళా తెరవండి. మొదట్నించీ చేసి చూపిస్తే సార్‌కి బాగా తెలుస్తాది" అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను చూసి నవ్వింది. మంచి మాట చెప్పాడన్నట్టు తలాడించింది. మూసింది. ఖాళీలు మళ్ళీ నింపింది. తెరిచింది. సేవ్ చేసింది. పొడవు చూసింది. ఎనభై.

"ఉండండి సార్" అంది. మళ్ళీ చేసింది. ఎనభై. మూడోసారి చేసేటప్పుడు ఒక మీట తప్పు కొట్టి మళ్ళీ దిద్దుకుంది. ఎనభై. ఆమె తెర వైపు చూడటం మానేసి తన చేతుల వైపు చూసుకుంది. మేనేజరు ఈసారి మెల్లగానే మాట్లాడారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఒప్పుకుంటే పోయేదేమీ లేదు, మెషిన్ మీదికి నెట్టడం మాత్రం బాగాలేదు అన్నారు. ఆమె ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారు. నేను నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. తప్పించుకున్నానన్న ఊరట ముందు కలిగింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఆ వరస కూడా నాకు సిగ్గే.

మా నాన్న పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే, "ఏందిరా, మొగం అట్టా ఉండాది?" అన్నాడు. నేను డొంకతిరుగుడుగా అడిగాను, మీ వర్క్‌షాపులో ఎవరైనా మెషిను సెట్టింగు మార్చి, తర్వాతి షిఫ్టువాడికి చెప్పకుండా పోతే ఏం చేసేవారని.

"అట్టా ఎట్టా పోతాడు? మార్చినోడు చాక్‌పీసుతో మెషిన్ మీద రాసిపెట్టి పోవాల. రాయకుండా పోతే వచ్చినోడి వేళ్ళు పోతాయి గదా. మరిచిపోయినా సగం దోవ నుంచి ఎనక్కి వచ్చి రాసిపోయేవాళ్ళం, మళయానా సరే" అన్నాడు. వర్షమైనా సరే అని ఆయన ఉద్దేశం. తర్వాత ఏదో అనుమానం వచ్చినట్టు, "నువ్వేమన్నా చేసినావా?" అని అడిగాడు.

"నేనా? లేదప్పా" అన్నాను. ఆ రోజుకి అది మూడో అబద్ధం.

ఆ తర్వాత నెలల్లో జరిగింది అంతకంటే ఘోరం. ఆమెకి తన మీద తనకి నమ్మకం పోయింది. ఒక్కో ఫైలూ మూడేసి సార్లు చూసుకునేది. పంపే ముందు నన్ను పిలిచేది. "నువ్వోసారి చూడు తమ్ముడూ, నా కళ్ళని నమ్మలేను." నేను వెళ్ళి చూసి, బాగుందక్కా అనేవాణ్ణి. ఆమె ప్రతిసారీ థాంక్స్ చెప్పేది. ఆ రోజు అందరిలోకీ నా పక్షాన నిలబడింది నువ్వొక్కడివే అని కూడా ఒకసారి అంది. నేను నేల వైపు చూశాను. చెప్పడానికి ప్రతిరోజూ ఒక అవకాశం నా బల్ల దగ్గరికే నడిచి వచ్చేది, ప్రతిరోజూ దాన్ని వెనక్కి పంపేవాణ్ణి. పొడిగించిన మూడు నెలలు నిండకుండానే ఆమె తనంతట తనే మానేసింది. వెళ్ళేటప్పుడు, "మా ఆయన చెప్పిందే నిజమైంది" అంది. నవ్వుతూనే అంది.

నేనూ తర్వాత వేరే కంపెనీకి మారాను. చెప్పకుండా నాలుగేళ్ళు గడిపాను. పోయిన నెల మా కొత్త ఆఫీసులో ఒక పొద్దున్న నా ప్రోగ్రాము ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేసింది. కారణం వెతుకుతుంటే ఎదురు బల్ల దగ్గర అమ్మాయి లేచి నిలబడి, "అయ్యో, అది నేనే. నిన్న ఉమ్మడి సెట్టింగుల్లో ఒకటి మార్చాను, చెప్పడం మర్చిపోయాను" అంది. మా లీడరు, "సరే, తీసెయ్" అన్నాడు. ఆమె తీసేసింది. అంతే. ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. నేను లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నాలుగేళ్ళుగా నేను దాచుకున్నదాని బరువు రెండు వాక్యాలు. నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఆదివారం అక్కకి ఫోన్ చేశాను. నంబరు మారలేదు. గుర్తుపట్టి సంతోషంగా పలకరించింది, పెళ్ళయిందా అని అడిగింది. నేను లేబుళ్ళ ఫైలు మాట ఎత్తాను.

"ఇప్పుడా ఊసెందుకులే తమ్ముడూ. నా మతిమరుపు అది."

"కాదక్కా" అని మొదలుపెట్టాను. సోమవారం నేను చేర్చిన లైను చెప్పాను. ఆమె సార్‌ని పిలవడానికి వెళ్ళినప్పుడు తుడిచేసిన సంగతి చెప్పాను.

"అంటే, యాభై ఏడని నేను చూశానే, అది నిజమేనా?"

"నిజమేనక్కా. మీరు చూసింది నిజమే."

"మరి మూసి తెరవమన్నావుగా."

"తెలిసే చెప్పినా."



"ఆ తర్వాత నేను కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను, తెలుసా?" అంది. "కళ్ళు బానే ఉన్నాయన్నాడాయన. అయితే బుర్రే చెడిందనుకున్నా. ఇప్పటికీ గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంటా. పిల్లలు ఎగతాళి చేస్తారు."

క్షమించమని అడిగాను. నా గొంతు నాకే నచ్చలేదు. ఆమె క్షమించాననలేదు, తిట్టనూ లేదు.

"ఫోను పెట్టమాక" అంది. "ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు నాకు చెప్పావే, అదంతా ఆయనకి చెప్పు."

అడుగుల చప్పుడు వినిపించింది. టీవీ మోత ఆగింది. ఒక మగగొంతు, "హలో, ఎవరండీ?" అంది. నేను ఎవరో చెప్పాను. ఆ ఆఫీసులో ఆమె పక్కన పనిచేసినవాణ్ణని చెప్పాను. తర్వాత మొత్తం చెప్పాను, ఒక్క మెట్టూ వదలకుండా, ఆమె తన నోటుపుస్తకంలో రాసుకునే పద్ధతిలో. ఎక్కడ ఆగిపోయినా ఆయన "ఊఁ" అనేవారు, నేను మళ్ళీ అందుకునేవాణ్ణి. ఆమె తప్పు ఏమీ లేదు, ఆమె పట్టుకున్నది అక్షరాలా నిజం, అబద్ధం ఆడింది నేను అని చెప్పి ముగించాను.

పక్కనుంచి ఆమె గొంతు వినిపించింది. నాతో కాదు.

"విన్నారా?"